నేవీ ఎలక్ట్రికల్ నుంచి ఆర్‌ఓవీ డెక్ మీదికి: నా అనుభవం

ఆర్‌ఓవీ అంటే ఓడ మీంచి కేబుల్‌తో నడిపే నీటి అడుగు రోబో. ఆ ఉద్యోగానికి ఇంటర్వ్యూలో నన్ను అడిగిన మొదటి ప్రశ్న నడపడం గురించి కాదు. "వెహికిల్ 500 మీటర్ల లోతులో ఉంది, ఇన్సులేషన్ రీడింగు మెల్లగా పడిపోతోంది. ఏం చేస్తారు?" అన్నారు. నేవీలో ఎలక్ట్రికల్ ఆర్టిఫిసర్‌గా, అంటే టెక్నీషియన్‌గా, చేసినవాళ్లకి ఇదేమీ కొత్త ప్రశ్న కాదు. ఓడలో ఎర్త్ ఫాల్ట్, అంటే కరెంటు బాడీలోకి కారే చోటు, వెతికినట్టే వెతకాలి. ఆర్‌ఓవీ అంటే ఓడ మీంచి కేబుల్‌తో నడిపే నీటి అడుగు రోబో. ఆర్‌ఓవీని నడపడానికి పట్టే సమయం కన్నా బాగుచేయడానికి పట్టే సమయమే ఎక్కువ. నేవీ నుంచి వచ్చే మనల్ని తీసుకునేది కూడా ఆ బాగుచేసే చేతి కోసమే.

ఆ ప్రశ్నకు జవాబు ఇది. ముందు వెహికిల్‌ని పైకి తెచ్చుకోవాలి. బరువు పనులు చేసే పెద్ద వర్క్ క్లాస్ వెహికిల్‌కి అంబిలికల్ (ఓడ నుంచి దిగే ప్రధాన కేబుల్) ద్వారా వెళ్లేది మూడు వేల వోల్టుల పైమాటే కాబట్టి పవర్ ఐసోలేట్ చేసి, తాళం వేసి, ట్యాగ్ తగిలించకుండా ఏ బాక్సూ విప్పకూడదు. తర్వాత లైనుని భాగాలుగా విడదీయాలి: ట్రాన్స్‌ఫార్మర్, వించి మీది స్లిప్ రింగు (తిరిగే డ్రమ్ములోని కేబుల్‌కి కరెంటు, సిగ్నల్ అందించేది), అంబిలికల్, వెహికిల్‌కి వెళ్లే సన్నటి కేబుల్ టెదర్‌ని నీళ్లలో చుట్టిపెట్టే టీఎమ్‌ఎస్, టెదర్, చివర వెహికిల్. ఒక చివర నుంచి మొదలుపెట్టే కన్నా టీఎమ్‌ఎస్ దగ్గర విడదీస్తే ఫాల్ట్ పైన ఉందో కింద ఉందో ఒక్క కొలతతో తేలిపోతుంది. ఎలక్ట్రానిక్స్‌ని విడదీయకుండా మెగ్గర్ (ఎక్కువ వోల్టేజితో ఇన్సులేషన్ కొలిచే మీటర్) పెడితే మంచి బోర్డులు కూడా పోతాయి. మెగ్గర్‌ని కనీసం ఒక నిమిషం ఉంచి ముల్లు ఎటు పోతుందో చూడాలి. ఇన్సులేషన్ బాగుంటే రీడింగు మెల్లగా పెరుగుతుంది. తడి చేరితే అక్కడే నిలబడిపోతుంది, లేదా దిగుతుంది. కొలత అయ్యాక కేబుల్ లోపలి తీగల్ని ఎర్త్‌కి కలిపి డిశ్చార్జి చేయడం మరిచిపోవద్దు. కిలోమీటర్ల పొడవున్న కేబుల్ పెద్ద కెపాసిటర్‌లా ఛార్జ్ పట్టి ఉంచుకుంటుంది.

ఫాల్ట్ ఎప్పుడు వస్తుందో గమనిస్తే సగం పని అయిపోయినట్టే. డ్రమ్ము తిరుగుతున్నప్పుడే వీడియో తెగుతుంటే స్లిప్ రింగుని చూడాలి. లోతుకి పోయేకొద్దీ రీడింగు పడుతుంటే ఏదో కనెక్టర్‌లోకో బాక్స్‌లోకో నీళ్లు దిగుతున్నాయి.

ఎక్కువసార్లు దొరికే దొంగ, నీళ్లు రాకుండా అతుకులో పెట్టే రబ్బరు ఓ-రింగే. పాత రింగుని స్క్రూడ్రైవర్‌తో లాగితే గాడిలో గీత పడుతుంది. కంటికి సరిగా ఆనని ఆ గీతలోంచే నీళ్లు వస్తాయి. ప్లాస్టిక్ పుల్లతో తీయాలి. గాడిని నూలుపోగులు రాలని గుడ్డతో తుడిచి, టార్చి పక్కనుంచి వేసి చూడాలి. గ్రీజు రింగు మెరిసేంత పూస్తే చాలు. ముద్దలుగా పెడితే దుమ్మూ వెంట్రుకలూ పట్టుకుంటాయి. సీల్ చేసేది రింగు నొక్కుడు, గ్రీజు కాదు.

నేవీ మనకి నేర్పనిది హైడ్రాలిక్స్. ఓడలో అది ఇంజినీరింగ్ బ్రాంచి పని. ఇక్కడ వెహికిల్‌ని కదిలించే థ్రస్టర్లూ, పనిచేసే మానిప్యులేటర్ చేతులూ ఆయిల్ ఒత్తిడితోనే తిరుగుతాయి, ఆ బాధ్యతా మనదే. ముందు కాంపెన్సేటర్‌ని అర్థం చేసుకోండి. సముద్రంలో ప్రతి 10 మీటర్లకి సుమారు ఒక బార్ ఒత్తిడి పెరుగుతుంది. 1500 మీటర్ల దగ్గర 150 బార్లు. దాన్ని తట్టుకునే మందపాటి బాక్స్ కట్టే బదులు బాక్స్‌ని ఆయిల్‌తో నింపేస్తారు. స్ప్రింగు ఉన్న కాంపెన్సేటర్ ఒకటి లోపలి ఒత్తిడిని బయటికన్నా కొంచెం ఎక్కువగా ఉంచుతుంది. అప్పుడు లీకైనా ఆయిల్ బయటికి పోతుందే తప్ప నీళ్లు లోపలికి రావు, కాంపెన్సేటర్‌లో ఆయిల్ ఉన్నంతవరకూ.

కొత్తవాళ్లు కంగారుపడేది ఇక్కడే. డైవ్ మొదలైన కాసేపటికి కాంపెన్సేటర్ లెవెల్ దిగుతుంది. 30 డిగ్రీల డెక్ మీంచి 4 డిగ్రీల నీళ్లలోకి వెళ్తే 10 లీటర్ల మినరల్ ఆయిల్ చల్లబడి దాదాపు 180 మిల్లీలీటర్లు తగ్గుతుంది. 150 బార్ల నొక్కుడికి ఇంకో 80 నుంచి 100 మిల్లీలీటర్లు తగ్గుతుంది. అది లీకు కాదు. అడుగుకి చేరి లెవెల్ నిలబడ్డాక కూడా దిగుతూనే ఉంటే అదే లీకు. పైకొచ్చాక ఆయిల్ పాలలా తెల్లబడి ఉంటే నీళ్లు చేరాయని అర్థం. పైపైన టాప్-అప్ చేసి మళ్లీ దింపొద్దు.

ఇక కాగితాలు. సర్వీసులో ఉండగానే పేరు చూసుకోండి. మన తెలుగువాళ్లకి సర్వీస్ రికార్డులో ఇంటిపేరు ఒక్క అక్షరంగానూ, పాస్‌పోర్టులో పూర్తిగానూ ఉండడం మామూలే. ఆఫ్‌షోర్ (సముద్రంలో పనిచేసే) కంపెనీలు అక్షరం అక్షరం పోల్చి చూస్తాయి. యూనిట్ ద్వారా సరిచేయించుకోవడం సులువు, డిశ్చార్జి అయ్యాక కష్టం.

మనలో చాలామంది వరస తప్పేది కోర్సుల దగ్గర. బోసియెట్ అంటే హెలికాప్టర్ నీళ్లలో పడితే తప్పించుకోవడం, మంటలార్పడం, సముద్రంలో ప్రాణం కాపాడుకోవడం నేర్పే కోర్సు. సర్టిఫికెట్ నాలుగేళ్లు చెల్లుతుంది. ఆఫ్‌షోర్ మెడికల్ మాత్రం రెండేళ్లకి మించదు. డిశ్చార్జికి ఏడాది ముందే రెండూ చేయించేసుకుంటే ఉద్యోగం వెతకడంలోనే ఆ గడువు కరిగిపోతుంది. ముందు టెక్నికల్ కోర్సు, తర్వాత దరఖాస్తులు, కబురు వచ్చేలా ఉన్నప్పుడు మెడికల్. ఇంకొకటి: వెచ్చటి సముద్రాల కోసం ఉన్న ట్రాపికల్ బోసియెట్ మన సముద్రాలకి చాలు గానీ యూరప్ నార్త్ సీలో ఒప్పుకోరు. అక్కడ పూర్తి బోసియెట్ కావాలి.

టెక్నికల్ కోర్సు గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. ఐఎమ్‌సీఏ అనే సముద్ర కాంట్రాక్టర్ల అంతర్జాతీయ సంస్థ ఆర్‌ఓవీ సిబ్బంది సామర్థ్యానికి మార్గదర్శకాలు ఇస్తుంది, లైసెన్సు ఇవ్వదు. "ఐఎమ్‌సీఏ సర్టిఫికెట్ ఇప్పిస్తాం" అంటే నమ్మి డబ్బు కట్టొద్దు. చేరేముందు అడగాల్సినవి: హై వోల్టేజ్ సేఫ్టీ నేర్పుతారా, కేబుల్‌లో సిగ్నల్ మోసే ఫైబర్‌ని చేత్తో స్ప్లైస్ చేయిస్తారా (అతికిస్తారా), హైడ్రాలిక్ వాల్వ్ ప్యాక్ విప్పిస్తారా, నిజమైన వెహికిల్ నీళ్లలో దింపుతారా. సిమ్యులేటర్ ఒక్కటే చూపిస్తే వెనక్కి వచ్చేయండి. రక్షణ శాఖలోని డీజీఆర్ మాజీ సైనికులకి ఇచ్చే పునరావాస కోర్సుల జాబితా ముందు చూసుకోండి. ఎలక్ట్రానిక్స్, హైడ్రాలిక్స్ పునాది అక్కడ దొరికితే సొంత డబ్బు మిగులుతుంది.

సీవీలో ఓడ పేరూ, సోనార్ మోడలూ, ఆయుధాల వివరాలూ రాయకండి. అధికార రహస్యాల చట్టం రిటైరయ్యాకా వర్తిస్తుంది, పైగా వాటివల్ల ఇక్కడ ఉపయోగమూ లేదు. "440 వోల్టుల త్రీ ఫేజ్ స్విచ్‌బోర్డులు, 400 హెర్ట్జ్ కన్వర్టర్లు, సర్వో లూపులు, బోర్డు స్థాయి రిపేరు" అని రాస్తే చదివేవాళ్లకి వెంటనే అర్థమవుతుంది.

పని మన తీరానికి దూరమేం కాదు. కాకినాడ ఎదుట సముద్రంలోని కేజీ-డీ6 గ్యాస్ బ్లాకులో ఆర్ క్లస్టర్ అనే క్షేత్రం రెండు వేల మీటర్ల పైబడ్డ లోతులో 2020 డిసెంబరులో ఉత్పత్తి మొదలుపెట్టింది. పక్కనే ఓఎన్‌జీసీ 98/2 బ్లాకులో 2024 జనవరిలో చమురు వచ్చింది. అంత లోతుకి డైవర్లు పోలేరు, వాల్వు తిప్పాలన్నా ఆర్‌ఓవీయే. పరిశోధన వైపు వెళ్లాలనుకుంటే చెన్నైలో సముద్ర సాంకేతిక సంస్థ ఎన్‌ఐఓటీ, విశాఖలో నౌకాదళ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్ ఉన్నాయి.

మొదటి ట్రిప్పులో ట్రెయినీగా డెక్ పనే ఎక్కువ ఉంటుంది, పన్నెండు గంటల షిఫ్టు. జాయ్‌స్టిక్ చేతికిచ్చినప్పుడు హెడింగ్‌తో (వెహికిల్ చూస్తున్న దిక్కుతో) పాటు టెదర్ మెలికల లెక్క కూడా చూడాలి. కుడికి మూడు చుట్లు తిరిగితే ఎడమకి మూడు తిరిగి విప్పాకే వెనక్కి రావాలి. లేకపోతే టీఎమ్‌ఎస్‌లోకి చుట్టుకునేటప్పుడు టెదర్ ముడిపడి ఫైబర్ తెగుతుంది. చేసిన ప్రతి పనీ, నడిపిన ప్రతి గంటా లాగ్‌బుక్‌లో రాసి, హెలికాప్టర్ ఎక్కేలోగా సూపర్‌వైజర్ సంతకం పెట్టించుకోండి. ఒడ్డుకి చేరాక ఆయన ఏ ఖండంలో ఉంటారో చెప్పలేం. సంతకం లేని గంటల్ని తర్వాతి కంపెనీ లెక్కలోకి తీసుకోదు.