చెవిలో హోరు

తొమ్మిదేళ్ల వయసులో మెదడు పొరల వాపు జ్వరం వచ్చి నా వినికిడి పోయింది. అప్పటికే చదవడం, రాయడం పట్టుబడినందువల్ల తెలుగు నాకు మిగిలింది. బధిరుల పాఠశాలలో చేరాక సైగ భాష అబ్బింది. పుట్టుకతోనే వినికిడి లేని నా మిత్రుల్లో చాలామందికి ఈ వెసులుబాటు లేదు. వాళ్లకు సైగలే సొంత భాష, తెలుగు తర్వాత కష్టపడి నేర్చుకున్నది. కాగితం మీద రాసి చూపిస్తే సరిపోతుందనుకునే వైద్యులకు ఈ సంగతి తట్టదు.

హనుమకొండలో ఒక ప్రెస్సులో డీటీపీ పని చేస్తాను. 2023 వానాకాలంలో నాకు నిద్ర పట్టడం మానేసింది, అన్నం సయించలేదు, మూడు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గాను. అమ్మ ఒక మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లింది. ఆయన మాస్కు తీయకుండా, అమ్మ వైపే చూస్తూ మాట్లాడారు. నేను అమ్మ పెదవులు చదువుకున్నాను. పెదవుల మీద మాట, పాట, బాట మూడూ ఒకే తీరుగా కనబడతాయి, మిగతాది ఊహే. ఎవరూ లేనప్పుడు మాటలు వినిపిస్తున్నాయా అని ఆయన అడిగారట. అమ్మ దాన్ని కుదించి, చెవి చూపిస్తూ, “చప్పుడు వస్తుందా?” అంది. జ్వరం నాటి నుంచి నా చెవుల్లో రాత్రింబవళ్లు హోరు ఉంటుంది కనుక తల ఊపాను. ఆ తల ఊపడం చీటీలో భ్రాంతిగా నమోదైంది.

భ్రాంతులు తగ్గడానికి ఇచ్చే రిస్పెరిడోన్ అనే మందు మొదలుపెట్టిన మూడో వారానికి వేళ్లు బిగుసుకుని వణకసాగాయి. చొక్కా గుండీలు అమ్మ పెట్టేది. వీడియో కాల్‌లో నా చేతులు చూసిన మిత్రుడు, “నత్తిగా మాట్లాడుతున్నావేమిటి?” అని సైగ చేశాడు. వినగలిగేవారికి అదొక దుష్ఫలితం మాత్రమే కావచ్చు; నాకు మాట పడిపోవడం.

ఆ మిత్రుడే హైదరాబాద్‌లోని ఒక సైగ భాష ఇంటర్‌ప్రెటర్‌ను కుదిర్చాడు. ఖర్చు నాదే. వైకల్యం కారణంగా మానసిక వైద్యంలో వివక్ష చూపరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ చెబుతున్నా, ఇంటర్‌ప్రెటర్‌ను పిలవాలన్న ఆలోచన ఆసుపత్రి నుంచి రాలేదు. మానసిక సమస్యలకు ఫోనులో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలిమానస్ 14416 పోస్టరు అక్కడి గోడ మీదే ఉంది; ఫోనెత్తి మాట్లాడగలిగేవారికి మేలే.

రెండో వైద్యురాలు, “అమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి” అన్నారు. స్టీలు గ్లాసుకు ఆనించిన ఫోనులో ఇంటర్‌ప్రెటర్ చేతులు కదిలాయి. చెవిలో వచ్చేది మాటలా, హోరా అని అడిగారు. తర్వాత, బతకాలని ఉందా అని అడిగారు. అమ్మ గదిలో ఉంటే ఆ ప్రశ్నకు నిజం చెప్పేవాణ్ని కాదు. నలభై నిమిషాల తర్వాత అది డిప్రెషన్ అని తేల్చి, పాత మందు క్రమంగా తగ్గిస్తూ ఎస్సిటాలోప్రామ్ 10 మిల్లీగ్రాములు ఇచ్చారు. ముందు వేళ్లు వదులయ్యాయి. మనసు తేలికపడటానికి అయిదో వారం దాకా పట్టింది. ఒక సాయంత్రం అమ్మ చేసిన సర్వపిండి ఇంకో ముక్క అడిగాను. అడిగిన సంగతి నాకంటే ముందు ఆమె గమనించింది.

బయట కూర్చోబెట్టినందుకు అమ్మ చాలాకాలం నొచ్చుకుంది. డాక్టరుతో ఏం చెప్పావని ఇప్పటికీ అడుగుతుంది, నేను చెప్పను. ఏడాది దాటాక, వైద్యురాలి సలహాతోనే, మందు కొద్దికొద్దిగా మానేశాను. హోరు మాత్రం ఉంది. నా ఫైలులో దాన్ని హోరనే రాశారు.