నూనె మానేసినా గాల్‌బ్లాడర్‌లో రాళ్లు ఎందుకొస్తాయి

స్కానింగ్‌లో గాల్‌బ్లాడర్ రాళ్లు కనబడగానే చుట్టాలంతా అడిగింది ఒకటే: "నూనె ఎక్కువ తింటావా?" నిజానికి అంతకుముందు కొన్ని నెలలుగా నూనె, నెయ్యి దాదాపు మానేసి, రాత్రి భోజనం వదిలేసి, గబగబా బరువు తగ్గాను. రాళ్లకు అదీ ఒక దారే.

కాలేయం రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా పైత్యరసం చేస్తుంది. కొంత దాని కిందుండే చిన్న సంచి, అంటే గాల్‌బ్లాడర్ (పిత్తాశయం)లో చేరి చిక్కబడుతుంది. ఆ సంచిలో పట్టేది 30-50 మిల్లీలీటర్లే. తిన్న కొవ్వు పేగులోకి దిగితేనే అది బాగా ముడుచుకుని ఖాళీ అవుతుంది. కొవ్వు తగలకపోతే రసం అలాగే నిల్వ ఉంటుంది. ఇంకోపక్క, ఒంట్లో కరిగే కొవ్వులోంచి వచ్చిన కొలెస్ట్రాల్‌ను కాలేయం ఆ రసంలోకే వదులుతుంది. ముందు బురదలా పేరుకుని, తర్వాత రాయవుతుంది. వారానికి కిలోన్నర మించి తగ్గితే ముప్పు ఎక్కువ. బరువు తగ్గించే సర్జరీ అయినవాళ్లకు కొన్ని నెలలు అర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ మాత్రలు రాసేది ఇందుకే.

ఊబకాయం, షుగర్, పెరిగే వయసు, తల్లికో తోబుట్టువులకో రాళ్లుండటం కూడా కారణాలే. ఈస్ట్రోజెన్ వల్ల ఆడవాళ్లకు, ముఖ్యంగా గర్భిణులకు, ఎక్కువ. సికిల్ సెల్, తలసీమియా లాంటి రక్త జబ్బులు ఉన్న పిల్లల్లో వచ్చే నల్లరాళ్లు వేరు. అవి ఎర్ర రక్తకణాలు విరిగి వచ్చే బిలిరుబిన్ అనే పసుపు పదార్థంతో ఏర్పడతాయి, తిండితో సంబంధం లేదు.

నొప్పిని గ్యాస్ అనుకుని చాలామంది నెలలు గడిపేస్తారు. భోజనమయ్యాకో, అర్ధరాత్రో కుడి పక్కటెముకల కింద, లేదా రొమ్ము గుంటలో మొదలై, కుడి రెక్క ఎముక దాకా పాకుతుంది. ఎటు తిరిగి పడుకున్నా తగ్గదు, తేన్పు వచ్చినా తగ్గదు. అరగంట నుంచి కొన్ని గంటలు పట్టి ఉంచుతుంది. చలిజ్వరం, కళ్లు పచ్చబడటం, ముదురు రంగు మూత్రం, వదలని నొప్పి ఉంటే తెల్లారేదాకా ఆగకండి. రాయి నాళంలో ఇరుక్కుంటే క్లోమం కూడా వాస్తుంది. స్కానింగ్‌కు ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి. తింటే సంచి ముడుచుకుపోయి రాళ్లు సరిగా కనబడవు.

కొండపిండి ఆకు, అరటిదూట రసం, బార్లీ నీళ్లు కిడ్నీ రాళ్లకు చెప్పుకునేవి. ఈ రాళ్లు మూత్రం దారిలో ఉండవు. ఆలివ్ నూనె, నిమ్మరసం తాగితే విరేచనంలో పడే ఆకుపచ్చ ఉండలు రాళ్లు కావు, ఆ నూనె పేగులో సబ్బులా మారినవే.

నొప్పి లేని రాళ్లకు సాధారణంగా ఆపరేషన్ అక్కర్లేదు. నొప్పి వస్తుంటే సంచినే తీసేస్తారు, రాళ్లు మాత్రమే తీస్తే మళ్లీ పుడతాయి కాబట్టి. లాపరోస్కోపీ (చిన్న రంధ్రాలతో చేసే ఆపరేషన్) తర్వాత నన్ను కుట్లకంటే భుజం నొప్పే ఎక్కువ బాధపెట్టింది. కడుపులో నింపిన కార్బన్ డయాక్సైడ్ వల్ల అది. లేచి నాలుగడుగులు వేస్తుంటే తగ్గుతుంది. ఇక పైత్యరసం నేరుగా పేగులోకి జారుతుంది కనుక కొన్నాళ్లు కొందరికి విరేచనాలవుతాయి. ఇడ్లీ, చారన్నం కొంచెం కొంచెంగా తిని, నెయ్యి ఒక్కో చెంచా పెంచుకుంటే సర్దుకుంటుంది. నీళ్ల బిందెలు, సిలిండరు మాత్రం సర్జన్ చెప్పేదాకా ఎత్తొద్దు. తీసిన సంచికి చేసిన బయాప్సీ రిపోర్టు అడిగి తీసుకోండి. డిశ్చార్జి రోజుకి అది చాలాసార్లు రాదు, కుట్లు చూపించడానికి వెళ్లినప్పుడు గుర్తుపెట్టుకుని అడగాలి.