అద్దంలో మీ కారు కనపడకూడదు

హన్మకొండ చౌరస్తాలో ఎడమ అద్దం మడిచేసుకుని పోయే కార్లు ఇంకా కనపడుతూనే ఉంటాయి. ఆటోలు, బైకులు దూరేదే ఆ పక్కనుంచి! అద్దం తెరిచినవాళ్లలోనూ చాలామంది అందులో చూసుకునేది సొంత కారు డోర్లనే.

ముందుగా సీటు సరిచేసుకోండి. తర్వాత సీటు కదిపితే అద్దాల పని మళ్లీ మొదటికే. తల కదపకుండా లోపలి అద్దంలో వెనక గ్లాసు మొత్తం కనపడాలి. దానికి దండలు, బొమ్మలు వేలాడదీయకండి. బరువుకు అద్దం మెల్లగా కిందికి జారుతుంది.

ఇప్పుడు తల కుడి కిటికీకి ఆనేదాకా వంచండి. కారు వెనక అంచు సన్నటి గీతలా మిగిలేదాకా కుడి అద్దాన్ని బయటికి తిప్పండి. ఎడమ అద్దానికి తలను రెండు సీట్ల మధ్యకు తెచ్చి అదే పని. నిటారుగా కూర్చుంటే మీ కారు రెంటిలోనూ కనపడదు. మొదట్లో రెండు రోజులు తికమకగానే ఉంటుంది. రోడ్డు, ఆకాశం కలిసేచోటు అద్దం నడుమకు రావాలి.

సరిగ్గా కుదిరిందా? కాజీపేట రోడ్డులో పక్కకు ఆపి, దాటిపోయే బస్సును గమనించండి. లోపలి అద్దం నుంచి జారుతుండగానే కుడి అద్దంలో పడాలి, అందులోంచి పూర్తిగా పోకముందే కంటి కొసకు అందాలి. కుడి అద్దం దాటి కంటి కొసకు అందేలోపు మాయమైతే ఆ అద్దం ఇంకాస్త బయటికి.

గల్లీల్లో మాత్రం ఎడమ అద్దంలో కారు అంచు వేలెడంత ఉంచుకోవడమే నయం. మరీ బయటికి తిప్పితే, వెనక డోరుకు రాసుకుంటూ వచ్చే బైకు కనపడదు. పైగా ఆ అద్దం సాధారణంగా కొంచెం ఉబ్బుగా ఉంటుంది, దగ్గరి బండి కూడా చిన్నగా, దూరంగా అనిపిస్తుంది. లోపలి అద్దంలో సరిచూసుకున్నాకే కారును ఎడమకు తిప్పాలి.

రాత్రి హైదరాబాద్ హైవేమీద వెనక లారీ హైబీము కొడితే, లోపలి అద్దం కింది మీటను తిప్పండి. అద్దం వెనకున్న వెండిపూత మీది వెలుగు పైకప్పుకు మళ్లుతుంది, ఆ అద్దం ముందువైపు గాజు నుంచి మసక బొమ్మే కంటికి చేరుతుంది. కానీ ఆ మసకలో, ఎనుమాముల మార్కెట్ నుంచి లైట్లు లేకుండా వచ్చే ట్రాక్టరు అసలు కనపడదు. లారీ పోగానే మీట వెనక్కి.

కారు కడిగించిన రోజు అద్దాలు తప్పకుండా చూసుకోండి, గుడ్డతో తుడిచేటప్పుడు కదిలిపోతాయి.