మైకు లేని పెళ్లి సంగీతం: పాత లోగిలిలో మా సాధన దినవహి

నవంబరు 3

మా అక్కయ్య కూతురి పెళ్లి మాఘమాసంలో నిశ్చయమయింది. ముహూర్తం రాత్రి 2 గంటల 38 నిమిషాలకు. బావగారు ఎంచుకున్న వేదిక విశాఖపట్నం వన్ టౌన్‌లో, రాస్ హిల్ దిగువన, నూరేళ్లు దాటిన ఒక జమీందారీ కుటుంబపు లోగిలి. మందపాటి సున్నపు గోడలు, టేకు దూలాలు, రాతి నేల, రెండు వరుసల స్తంభాలతో పెద్ద చావడి. నేను తొమ్మిదేళ్లుగా ఉద్యోగం నుంచి వచ్చాక సాయంకాలాలలో ఫిడేలు నేర్చుకుంటున్నాను. వేణువు వాయించే మిత్రుడు, మృదంగం వాయించే మిత్రుడు ప్రతి శనివారం మా ఇంటికి వస్తారు. "మామయ్యా, పెన్‌డ్రైవు పాటలు వద్దు, మీరు ముగ్గురూ వాయించండి" అని మేనకోడలు అడిగింది. ఆ పిల్ల నోరు తెరిచి అడిగాక కాదనడం నా వల్ల కాలేదు. ఇలాంటి పాత కట్టడంలో సంగీతం పెట్టుకోదలచిన వారికి పనికివస్తుందని జరిగినది జరిగినట్టు రాసి పెడుతున్నాను.

నవంబరు 10

ముందుగా తేల్చుకున్నది ఒకటే: మేము భజంత్రీలకు బదులు కాదు. జీలకర్ర బెల్లం పెట్టే క్షణానికి డోలు, సన్నాయి మోగవలసిందే. ఆ పని ఫిడేలు, వేణువు చేయలేవు, చేయబూనడం కూడా తగదు. విజయనగరం వైపు నుంచి సన్నాయి మేళాన్ని కుదుర్చుకున్నాము. ఇద్దరు సన్నాయి, ఇద్దరు డోలు, శ్రుతికీ తాళానికీ ఒకరు, మొత్తం ఐదుగురు. ఎదురుకోలు, జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, అప్పగింతలు వారివి. అతిథులు వచ్చి కూర్చునే వేళ, గౌరీపూజ, తలంబ్రాల తరువాత కొంతసేపు మావి.

రెండవ విషయం చట్టం. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు ఆరుబయట లౌడ్‌స్పీకరు మోగించకూడదు. 2010లో చేసిన సవరణ తరువాత ఇది వాద్యాలకు కూడా వర్తిస్తుంది. హాలు వంటి మూసి ఉన్న ప్రాంగణాలకు మినహాయింపు ఉంది. మన ముహూర్తాలు ఎక్కువగా పడేది ఆ గంటలలోనే కనుక, పెరట్లో పందిరి వేసి అక్కడ మేళం కూర్చోబెట్టాలన్న మొదటి ఆలోచనను ఆనాడే విరమించుకున్నాము. సంగీతమంతా చావడిలోనే, తలుపులు వేసుకుని. సాయంత్రం ఎదురుకోలుకు వీధిలో మైకు కావాలంటే పోలీసుల లిఖితపూర్వకమైన అనుమతి తీసుకోవాలి; మైకే వద్దనుకున్నాము కనుక ఆ అవసరం రాలేదు.

నవంబరు 17

ఖాళీ చావడిలో చప్పట్ల పరీక్ష చేశాము. నడిమధ్య నిలబడి ఒక్క చప్పట కొట్టి, మోత పూర్తిగా అణిగేవరకు ఫోనులో రికార్డు చేశాము. పదిసార్లు చేయగా సగటున మూడు సెకన్లు వచ్చింది. నాలుగవసారి రేవులోని ఓడ ఒకటి కూత వేయడంతో ఆ రికార్డు పక్కన పెట్టవలసి వచ్చింది. 1933 నుంచి నౌకాశ్రయం పక్కనే ఉన్న పేటలో ఇది తప్పదు, పెళ్లి రాత్రి కూడా వినబడుతుంది.

మూడు సెకన్లంటే ఏమిటో లెక్క వేసి చూస్తే గుండె జారింది. నిమిషానికి 72 క్రియల (తాళపు దెబ్బల) నడకలో క్రియకు నాలుగేసి స్వరాలు వాయిస్తే సెకనుకు దాదాపు ఐదు స్వరాలు. అంటే ఒక స్వరం మోత పూర్తిగా అణిగేలోగా మరో పద్నాలుగు స్వరాలు దాని మీదికి వచ్చి పడతాయి. నేను ఎంతో ఇష్టంగా సాధించుకున్న వేగపు సంగతులన్నీ (ఒకే పంక్తిని మార్చి మార్చి వాయించే తీరులన్నీ) ఈ గదిలో ముద్దయిపోతాయి.

అయితే పెళ్లినాడు గది ఖాళీగా ఉండదు. 1890లలో హార్వర్డ్‌లో భౌతికశాస్త్రజ్ఞుడు వాలెస్ సబీన్ తన ప్రయోగాలతో కనుగొన్న సూత్రం ఇందుకు పనికివచ్చింది: గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గదిలోని వస్తువులు ధ్వనిని పీల్చుకునే మొత్తంతో భాగిస్తే మోత నిలిచే సెకన్లు వస్తాయి. చావడి పొడవు 60 అడుగులు, వెడల్పు 30, ఎత్తు 20. అంటే సుమారు 1,020 ఘనపు మీటర్లు. మూడు సెకన్ల మోత నుంచి వెనక్కి లెక్కిస్తే ఖాళీ గది పీల్చుకునేది సుమారు 55 చదరపు మీటర్ల పాటి. కూర్చున్న మనిషికి 0.45 చొప్పున 150 మందిని కలిపితే అది 122 అవుతుంది, మోత 1.3 సెకన్లకు దిగుతుంది. సంగీతానికి అది చక్కని గది. కానీ అతిథులు ఒక్కసారిగా రారు. తొలి గంటలో ముప్పై మందే ఉంటారు, మేము మొదలుపెట్టేది సరిగ్గా ఆ గంటలోనే. కనుక మొదట విలంబంలో (నెమ్మది నడకలో) మొదలుపెట్టి, గది నిండేకొద్దీ నడక పెంచాలని నిర్ణయించుకున్నాము.

నవంబరు 24

బంధువులు కొందరు మైకు లేకపోతే వినబడదని పట్టుబట్టడంతో, సౌండు పెట్టె వారిని ఒకరిని పిలిపించి పరీక్షించాము. రెండు పెద్ద పెట్టెలు, ఒక మైకు. ఫిడేలు మీద కమాను పెట్టకముందే గది హోరెత్తింది. పెట్టెలోంచి వచ్చిన శబ్దం గోడను తాకి తిరిగి మైకులో పడి, ఒకే స్వరం మీద కూత మొదలయింది. దానికి తోడు పాత వైరింగు వల్ల ఎడతెగని గుర్రుమనే శబ్దం. అది సర్దుతామని వారు రెండు గంటలు ప్రయత్నించారు, కుదరలేదు. తరువాత మైకు కట్టేసి నేను ఉట్టి ఫిడేలు మీద మోహన రాగం వాయిస్తే, అటు చివర తలుపు దగ్గర కూర్చున్న అక్కయ్యకు గమకాలతో (స్వరాల ఊపులతో) సహా వినబడింది. ఆ గోడలు మైకులు లేని కాలంలో కట్టినవి. ఫిడేలు నాయుడుగా పేరుపొందిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పెరిగిన ఊరు ఇది. ఈ ఊళ్లో కమాను నాదాన్ని ఏ అడ్డూ లేకుండా వినిపించే అవకాశం దొరికితే వదులుకోవడం నాకు ఇష్టం లేదు. మైకు ఆలోచన ఆ రోజుతో ముగిసింది.

డిసెంబరు 8

శ్రుతి సమస్య. మేళానికీ మాకూ శ్రుతులు వేరైతే, ఒకరు ఆపి ఇంకొకరు అందుకున్న ప్రతిసారీ చెవికి ఎగుడుదిగుడుగా తగులుతుంది. సన్నాయిని కోరినట్టు మార్చలేము, అది చెక్కినప్పుడే నిర్ణయమైపోతుంది, మారవలసినది మేమే. సన్నాయి పెద్దాయన ఫోనులో షడ్జమం (స) ఊది వినిపించగా శ్రుతి యంత్రంలో చూస్తే రెండున్నర శ్రుతికి (ఆధార స్వరం ఎత్తును మేము ఇలా అంకెలతో చెబుతాము) కాస్త పైన ఉంది. నా ఫిడేలు ఎప్పుడూ ఒకటిన్నరలో ఉంటుంది. పెళ్లికి వారం ముందు తంతులు బిగిస్తే నిలదొక్కుకోవని ఇప్పుడే రెండున్నరకు ఎక్కించాను. మొదటి నాలుగు రోజులు పూటకోసారి దిగజారింది, తరువాత నిలబడింది. వేణువు మిత్రుడి దగ్గర ఉన్నవి నాలుగు, ఐదు శ్రుతుల వేణువులు. రెండున్నరది కొనవలసి వచ్చింది. అది పొడవు, రంధ్రాల మధ్య ఎడం ఎక్కువ; ఉంగరపు వేలు చాలక మొదటి వారం గాలి కారిపోయింది. మూడు వారాలు రోజూ అరగంట సరళీ స్వరాలే వాయించాడు, కీర్తన ముట్టుకోలేదు.

డిసెంబరు 22

రాగాల క్రమం ఖరారయింది. అతిథులు వచ్చేటప్పుడు హంసధ్వని, తరువాత మోహన, గౌరీపూజకు కల్యాణి. నీలాంబరి నిద్రపుచ్చే రాగమని పేరు కనుక, పెద్దలు నిద్ర ఆపుకుని కూర్చునే వేళ దానిని దగ్గరికి రానివ్వలేదు. ముఖారి నాకు ప్రాణమే అయినా శోకానికి దగ్గరని మానుకున్నాను. తలంబ్రాల తరువాత త్యాగరాజస్వామి వారి ‘సీతా కల్యాణ వైభోగమే’. ఆచారమని మాత్రమే కాదు, ఈ గదికి అది సరిగ్గా సరిపోతుంది. కురంజి రాగం మంద్ర నిషాదం (కింది స్థాయి ని) నుంచి మధ్యస్థాయి ధైవతం (ద) వరకే తిరుగుతుంది, తారస్థాయికి (పై స్థాయికి) పోదు. తెల్లవారుజామున మూడింటికి మోత నిలిచే గదిలో ఫిడేలు పై తంతి కీచుమనకుండా సాగే రాగం కావాలంటే ఇంతకన్నా ఏముంది? ఆ తరువాత ఆనందభైరవి. అప్పగింతలు తెల్లవారే వేళకు వస్తాయి కనుక బౌళితో మొదలుపెడతామని సన్నాయి పెద్దాయనే చెప్పారు.

జనవరి 5

సముద్రపు తేమ. ఒక రాత్రి కిటికీలు తెరిచి ఉంచితే మృదంగం కుడివైపు చర్మం తెల్లారేసరికి అర శ్రుతి దిగింది. పెళ్లినాడు రెండు మృదంగాలు తీసుకువెళ్లి, ఒకటి గుడ్డసంచిలోంచి తీయకుండా ఉంచాలి. ఎడమవైపు పెట్టే రవ్వముద్ద ఫ్యాను గాలికి ఎండి రాలిపోతుంది. గిన్నెలో తడిగుడ్డ కింద అదనపు ముద్ద ఉంచుకోవాలి.

జనవరి 19

ఈ రెండున్నర నెలలలో నేను ఎక్కువ నేర్చుకున్నది ఈ రోజునే. మేళం వారిని కారులో రప్పించి చావడిలో అందరం కలిసి వాయించి చూశాము. నేల మీద జంపఖానాలు పరిచి, స్తంభాల మధ్య పాత దుప్పట్లు వేలాడదీశాము. ఇరవై మంది బంధువులు కూర్చున్నారు. మోత రెండున్నర సెకన్లకు దిగింది.

సన్నాయి పెద్దాయన సంచిలోంచి పీకల (సన్నాయి కొనకు పెట్టి ఊదే నాలుకల) కట్ట తీసి, ఒకటి ఎంచుకుని నోట్లో పెట్టుకుని తడుపుతూ, ఏమీ వాయించకుండా గదంతా ఒకసారి నడిచారు. ఈశాన్యం మూల దగ్గర ఆగి చిన్నగా ఒక పంచమం ఊదారు. తల అడ్డంగా ఊపి, ఎదుటి గోడకు ఆరడుగులు ఇవతల మళ్లీ ఊదారు. "ఇక్కడ" అన్నారు. మూలలో కూర్చుంటే రెండు గోడలూ కలిసి డోలు ఎడమ మోతను పెంచేస్తాయి, పురోహితుల మంత్రం మునిగిపోతుంది. ఆయన చూపిన చోటు నుంచి డోలు పూర్తి బలంతో మోగినా, మోగడం ఆగగానే మంత్రం స్పష్టంగా వినబడింది.

మా వంతు వచ్చింది. హంసధ్వని ఆలాపనలో నేను ఒక పట్టు (స్వరాల వరుస) ముగించి వెంటనే రెండవది అందుకున్నాను. ఆయన చేయి ఎత్తి ఆపారు. "గోడ ఇంకా పలుకుతోంది బాబూ. అది పలికేసినాక మీరు ఎత్తండి." అప్పటివరకు నేను నడక తగ్గించడం గురించే ఆలోచించాను, పట్టుకూ పట్టుకూ మధ్య వదలవలసిన జాగా గురించి కాదు. ఆ జాగా ఇచ్చి వాయిస్తే నడక కొంచెం పెంచినా స్వరాలు కలగాపులగం కాలేదు. మృదంగం మిత్రుడు కూడా ఎడమచేతి గుంకీలు (బొంగురుగా మోగే దెబ్బలు) సగానికి తగ్గించాడు.

ఫిబ్రవరి 2

లోగిలి వారి షరతులు: గోడకు మేకు కొట్టరాదు, మేడ మీది చెక్క వసారా మీద ఎవరినీ కూర్చోబెట్టరాదు, చావడిలో హోమం ఇటుకలూ ఇసుకా పరిచిన తొట్టిలోనే చేయాలి. అన్నీ సబబైనవే. హోమం పొగకు సన్నాయి వారి ఊపిరి అందదు కనుక వారిని కిటికీ వైపుకు మరో మూడు అడుగులు జరిపాము. భజంత్రీలకు భోజనం రాత్రి 9 గంటలకే. కడుపు నిండా తిని వెంటనే సన్నాయి ఊదలేరు. ఆ తరువాత 1 గంటకు టీ. తెల్లవారుజామున బస్సులు ఉండవు కనుక తిరుగు ప్రయాణానికి కారు ముందే మాట్లాడి, మిగిలిన సొమ్ము కవరులో పెట్టి కారెక్కే ముందు పెద్దాయన చేతికి ఇచ్చే బాధ్యత బావగారి తమ్ముడికి అప్పగించాము.

చివరి చిక్కు స్తంభం. కొత్త చోటు నుంచి పెళ్లి పీటలు కనబడవు, పురోహితులు చేయి ఎత్తితే డోలు వారికి తెలియదు. కాబట్టి మా అబ్బాయి ఆ రెండింటికీ మధ్యన నిలబడి, పురోహితులు తల ఊపగానే తెల్లని కండువా పైకెత్తుతాడు. నిన్న సాయంత్రం పదిసార్లు చేసి చూశాము. మొదట్లో కండువా లేచాక డోలు మీద పుల్ల పడటానికి రెండు సెకన్లు పట్టింది. డోలు వారి చూపు కండువా మీద కాకుండా పిల్లవాడి ముఖం మీద ఉందని గమనించి, వాడిని స్తంభం పక్కన దీపం వెలుగు కిందికి మార్చాము. పదవసారి కండువా, డోలు ఒక్కసారే లేచాయి.