నా మొదటి వాల్‌పోస్టర్ గోడెక్కేదాకా

2018లో కృష్ణానగర్‌లో ఒక చిన్న సినిమాకి పబ్లిసిటీ డిజైన్ చేసే అవకాశం వచ్చింది. హీరో కొత్త, డైరెక్టర్ కొత్త, నేనూ కొత్తే. అప్పటిదాకా పెళ్లి పత్రికలు, షాపుల ఫ్లెక్సీలు చేసుకునేవాణ్ణి.

కథంతా ఒక్క బొమ్మలో పెట్టేశాను. హీరో, హీరోయిన్, వెనక ఊరు, గుడి గోపురం, ఆకాశంలో విలన్ కళ్ళు. లాప్‌టాప్‌లో భలేగా అనిపించింది. డైరెక్టర్ గారు బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. నన్ను అమీర్‌పేటలో సిటీ బస్సు ఎక్కించారు. నాలుగు స్టాపులు దాటాక, "దారిలో ఏ పోస్టర్లు చూశావు తమ్ముడూ?" అని అడిగారు. రెండే చెప్పగలిగాను. ఒకటి పసుపు మీద నల్ల అక్షరాలు, ఇంకోటి గోడంతా ఒకే ముఖం. ఆ రాత్రే నా డిజైన్ పక్కన పడేశాను.

తండ్రిని వెతుక్కుంటూ వెళ్లే కొడుకు కథ అది. స్టిల్స్ మళ్ళీ మొదటినుంచి తిరగేస్తే ఒకటి దొరికింది: ఖాళీ పడక్కుర్చీ, దాని చేతి మీద కండువా, పక్కన నేల మీద హీరో. చూసినవాళ్ళకి ఆ కుర్చీలో కూర్చోవాల్సిన మనిషి ఏమయ్యాడనే అనుమానం రావాలి. అంతే చాలనుకున్నాం.

డిస్ట్రిబ్యూటర్ గారికి అది చాల్లేదు. "కమెడియన్ ఏడి బాబూ? మా ఊళ్ళల్లో ఆయన ముఖం చూసే టికెట్ కొంటారు" అన్నారు. మొదట బాధపడ్డాను. తర్వాత ఆలోచిస్తే ఆయన మాటలో న్యాయం ఉంది. ఇంటిల్లిపాదినీ తీసుకుని సినిమాకి వచ్చే మనిషి, నవ్వుకోవడానికి ఏమైనా ఉందా అని చూసుకుంటాడు కదా. సిటీకి కుర్చీ, చిన్న ఊళ్ళకి కమెడియన్‌తో ఇంకోటి చేశాం.

ఎక్కువ రోజులు పట్టింది టైటిల్‌కే. అందులో 'స్త్ర' ఉంది. స కింద తవత్తు, దాని పక్కన క్రావడి. ఫోన్‌లో బొమ్మ చిన్నదైతే ఆ మూడూ కలిసి నల్లటి ముద్దయ్యేవి. ఫాంట్లు పనికిరావని బ్రష్ పట్టాను. పాత పోస్టర్లు ముందేసుకుని కూర్చున్నాను. బాపు గారి 'సాక్షి'తో (1967) మొదలుపెట్టి రెండు వేలకు పైగా సినిమాలకు పబ్లిసిటీ చేసిన ఈశ్వర్ గారి అక్షరాలు చూస్తూ ఉంటే, వత్తు కూడా అక్షరమంత దర్జాగా నిలబడొచ్చని అర్థమైంది. తవత్తుని కిందికి దించి, క్రావడి తోకని ఎడమకి లాగి, మధ్యలో గాలి ఆడేలా రాశాను. అరవై కాగితాలైనా అయ్యుంటాయి.

ప్రెస్‌లో ఇంకో గండం. స్క్రీన్ మీద ముదురు నీలంగా ఉన్న రాత్రి ఆకాశం, ప్రూఫ్‌లో, అంటే ముందుగా తీసే నమూనా ప్రింటులో, వంకాయ రంగుకి తిరిగింది. మెజెంటా అనే గులాబీ ఇంకు తగ్గిస్తే దారికొచ్చింది. ఆ ప్రూఫ్ చూస్తూనే మెషీన్ దగ్గరున్న పెద్దాయన, "కళ్ళు జాయింట్‌లో పడ్డాయి, చూసుకున్నావా?" అన్నారు. నాకు అర్థం కాలేదు. 40 బై 60 అంగుళాల పోస్టర్‌ని 30 బై 40 షీట్లు రెండుగా కొట్టి, గోడ మీద ఒకదాని కింద ఒకటి అతికిస్తారు. అతుకు సరిగ్గా నడుమ పడుతుంది. అంటించేటప్పుడు అర అంగుళం తేడా వస్తే హీరో కన్ను రెండు ముక్కలే. వెంటనే ముఖాన్ని పైకి జరిపాను. కింద జానెడు మేర ఖాళీ వదలమన్నదీ ఆయనే. థియేటర్ పేరు, ఆటల టైమింగ్స్ ఉన్న స్లిప్ అక్కడ అంటిస్తారట.

విడుదలకి మూడు రోజుల ముందు, తెల్లవారుజామున నాలుగింటికి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర నిలబడ్డాను. అంటించే అన్న మైదా జిగురు బకెట్ కింద పెట్టి, గోడకి పూసి, పై షీటు పరిచాడు. తర్వాత కింది షీటు. అతుకు కుర్చీ చేతి కిందుగా, నేల రంగులో కలిసిపోయింది. చేత్తో ఒకసారి నిమిరి, పక్క గోడకి వెళ్ళిపోయాడు.

పది గంటలకి మళ్ళీ వెళ్ళాను. గోడకి ఆనించి మూడు బైకులు పెట్టారు. స్లిప్ సగం కనబడటం లేదు. పైన 'స్త్ర' మాత్రం రోడ్డు అవతలికి కూడా స్పష్టంగా కనిపిస్తోంది. ఫోటో తీసి ముందు అమ్మకి పంపాను.