తిరగబడిన ‘గాజు’

ఈ సంచికకు ఏదైనా రాయమని మా 1996 పదో తరగతి మిత్రులు అడిగారు. లెక్కల మాస్టారి బెత్తం గురించి ఎలాగూ నలుగురు రాస్తారు. నేను డ్రాయింగు గది కిటికీ పక్కన పెట్టిన నీళ్ల గ్లాసు గురించి రాస్తాను.

అప్పట్లో మా దగ్గర ఉన్నవి పన్నెండు రంగుల ఆయిల్ పాస్టెల్స్. ఎండలు ముదిరితే మైనంలా మెత్తబడి వేళ్లకు అంటుకునేవి. గాజు గ్లాసు వేయమనగానే అందరం లేత నీలం అందుకున్నాం. “నీలం ఎక్కడ కనిపించిందిరా మీకు?” అన్నారు డ్రాయింగు మాస్టారు. వెతికాం. కిటికీ చువ్వల నలుపు, బల్ల గోధుమ రంగు, గోడ సున్నం కనిపించాయి గానీ నీలం మాత్రం లేదు.

తరువాత ఆయన పలక మీద ‘గాజు’ అని రాసి గ్లాసుకు జానెడు వెనక నిలబెట్టారు. నేను పొందికగా ‘గాజు’ అనే రాశాను. మాస్టారు నా వెనక నిలబడి, “ఇది తెలుగు పీరియడు కాదు, చదవకు” అన్నారు. మళ్లీ చూస్తే నీళ్లలో ‘జు’ ముందుంది, ‘గా’ వెనక ఉంది, అక్షరాలు కూడా అద్దంలోలాగా తిరగబడి ఉన్నాయి. అరగంటగా దాని ఎదుటే కూర్చుని ఉన్నాను!

ఆయన పలకను గ్లాసుకు ఆనించారు. అక్షరాలు తిన్నగా అయ్యాయి. మెల్లగా వెనక్కి జరిపితే లావెక్కి, చెదిరి, మళ్లీ తిరగబడ్డాయి. నీళ్లున్న గుండ్రటి గ్లాసు భూతద్దంలా పనిచేస్తుందట. అయితే కుడిఎడమలను మార్చడమే తప్ప తలకిందులు చేయదు. నీటి వక్రీభవన గుణకం, అంటే వెలుగును నీరు ఎంత వంచుతుందో చెప్పే అంకె, 1.33 అని అప్పటికే బట్టీ పట్టి ఉన్నాం. ఆ అంకెకు ఇంత పని ఉందని నాకు తోచనే లేదు.

ఇక మెరుపులు. నలుపు మీద తెల్ల పాస్టెల్ రుద్దితే బూడిద రంగు బురద అవుతుంది. అందుకే మెరుపు రావలసిన చోట ముందుగానే తెలుపు దట్టంగా పట్టించి, దాని మీద ముదురు రంగు వేసి, చివర్లో సగం బ్లేడుతో గీకమనేవారు. బ్లేడు మాత్రం ఆయన చేతిలోనే ఉండేది. పిల్లలం వరుసలో నిలబడి గీకించుకునేవాళ్లం. గ్లాసు అంచులకు నలుపు వేయడానికి నాకు చేయి రాలేదు. గాజు అంటే వెలుగు కదా అని నా వాదన. కానీ అంచుల దగ్గర వెలుగు పక్కకు వంగిపోతుంది, అక్కడ నలుపు పడ్డాకే నా గ్లాసు కాగితం మీద నిలబడింది.

ఆ బొమ్మ ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఆయిల్ పాస్టెల్ పూర్తిగా ఆరదు, పైన కప్పిన బటర్ పేపరుకు ఇప్పటికీ కాస్త రంగు అంటుతుంది. పదికి ఏడు మార్కులు వేశారు. నీటి మట్టాన్ని కోడిగుడ్డు ఆకారంలో కాకుండా గీతలా గీశానని మూడు తగ్గించారు. ఒకటి చాలదా, మూడెందుకు అని ఇప్పటికీ నా ఫిర్యాదు.