కరెంటు రాకముందు కట్టిన గుడి

మనం చదువుకున్న బడి ఆవరణలోని విచారణ గుడిలో, అంటే కాథలిక్ చర్చిలో, ఫోటో తీయాలంటే ముందు లైట్లన్నీ ఆపేయాలి. నెల్లూరు మేత్రాసనం, అంటే ఒక బిషప్ గారి కింద ఉండే చర్చిల పరిధి, 1928లో ఏర్పడింది. మన గుడి అంతకంటే పాతది, ఈ ప్రాంతం మద్రాసు అగ్రపీఠం (ఆర్చిబిషప్ గారి పరిధి) కింద ఉన్నప్పటిది. కరెంటు లేని రోజుల్లో కట్టారు కనుక వెలుతురు ఎటునుంచి రావాలో మేస్త్రీలే ఆలోచించి పెట్టారు. మందపాటి గోడలు, ఎత్తయిన సన్నటి కిటికీలు, లోపలంతా తెల్ల సున్నం. కిటికీ పక్కగోడల్ని లోపలివైపు ఏటవాలుగా తీశారు. ఎండ ఆ వాలు మీద పడి, మెత్తబడి లోపలికి వస్తుంది. ట్యూబులైటు వేస్తే ఆ పనితనమంతా కనపడకుండా పోతుంది, గోడలకు ఆకుపచ్చ ఛాయ ఎక్కుతుంది.

నాకిది నేర్పింది హాస్టల్లో ఉండిన ఒక అన్న. ఆయన దగ్గర యాషికా కెమెరా ఉండేది. పండగలప్పుడు కూడా ఫ్లాష్ వాడేవాడు కాదు. తక్కువ వెలుతురుకు పనికొచ్చే 400 స్పీడు ఫిల్ము వేసి, ఎపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) 2.8లో పెట్టి, బెంచీ మీద కెమెరా ఆనించి, సెకనులో పదిహేనో వంతుకు ఊపిరి బిగబట్టి నొక్కేవాడు. తెల్లగోడ గురించి ఆయన చెప్పిన మాట ఇప్పటికీ రోజూ పనికొస్తోంది. కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు తన ముందున్నది మధ్యరకం బూడిదరంగే అనుకుని లెక్క చెబుతుంది. దాన్ని నమ్మితే సున్నపు గోడ మురిగ్గా వస్తుంది. ఒక స్టాపు (అంటే రెట్టింపు వెలుతురు), ఒక్కోసారి ఒకటిన్నర స్టాపు ఎక్కువివ్వాలి. ఫ్రేములో కిటికీ కూడా ఉంటే నేనిప్పుడు డిజిటల్లో కిటికీకి తగ్గట్టు తీసి, నీడల్లో వెలుతురు తర్వాత ఎడిటింగులో పెంచుకుంటాను.

అసలు సంగతి నెలల్లో ఉంది. పూజ జరిగే పీఠం తూర్పున ఉంది కాబట్టి కిటికీలు ఉత్తరం, దక్షిణం గోడలకు వచ్చాయి. ఏప్రిల్ ఆఖర్లో, మళ్ళీ ఆగస్టు నడుమ, మన నెల్లూరులో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ వేళకి నేరుగా ఎండ లోపలికి రాదు. మే, జూన్ నెలల్లో కాస్త ఉత్తరానికి జరుగుతాడు, అప్పుడూ పెద్ద తేడా ఉండదు. డిసెంబరులో మాత్రం మధ్యాహ్నం కూడా సుమారు 52 డిగ్రీలకు మించి పైకి రాడు. పదింటప్పుడైతే దక్షిణం కిటికీల్లోంచి ఎండ వాలుగా దిగి బెంచీల మధ్య దారిదాకా పాకుతుంది. పూజలో సాంబ్రాణి పొగ ఇంకా ఉంటే ఆ కిరణాలు చారలు చారలుగా కళ్ళకే కనిపిస్తాయి. అక్టోబరు నుంచి మనకు ముసురు కాలం కదా, మబ్బు పట్టిన రోజు వెలుతురు అంతటా ఒకేలా పరుచుకుంటుంది. క్రీస్తు శ్రమల్ని చూపే సిలువ మార్గం పటాల ఫోటోలు తీయడానికి నాకు ఆ రోజులే ఇష్టం.

లైటు వేయమంటావా అబ్బయ్యా, అని గుడిలో ప్రార్థనలు నేర్పే ఉపదేశి తాత అడిగేవాడు. వద్దు తాతా అంటే కిటికీ రెక్కలు ఒక్కొక్కటీ తెరిచి, ఎండ ఎక్కడ పడుతుందో చూసి మరీ నిలబెట్టేవాడు. పెళ్ళిళ్ళ ఫోటోలు తీసే నాకు ఇప్పుడు ఎంతోమంది అసిస్టెంట్లు. అంత ఓపిక మళ్ళీ చూడలేదు.

గుడికి మరమ్మతులు చేయాలన్న మాట వినిపిస్తోంది. చేయాలి కూడా, పైకప్పు కారుతోంది. కిటికీలకు మాత్రం రంగు అద్దాల స్లైడింగులు వద్దని, గోడలకు సున్నమే వేయమని పూర్వ విద్యార్థులందరి తరఫున ఫాదర్ గారిని అడుగుదాం. ఈ క్రిస్మస్ సెలవుల్లో కలుసుకున్నప్పుడు ట్రైపాడ్ తెస్తాను. ఫోన్లున్నవాళ్ళు ఫ్లాష్ ఆపి పదింటికల్లా దక్షిణం వైపు బెంచీల దగ్గరికి రండి.